డిస్కు వరస

కంప్యూటరు తెర మీదికి పేజీ వచ్చేలోపు వదిన మెడ అటూ ఇటూ తిప్పుకుంటుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది. పక్క కుర్చీలోని పెద్దావిడ తన అల్లుడి మీద చెప్పే చాడీలు సగం వరకూ వింటుంది. అప్పటికీ తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత పేజీ పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతుంది, బలవంతాన నిద్రలేపిన పిల్లాడు మంచం దిగినట్టు.

హాల్లో ఆడవాళ్లందరిదీ ఇదే పని. ఊరి చివర రేకుల ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఇళ్ల మీద కప్పే సిమెంటు రేకులు చేసేవారు. అది మూతపడింది గానీ, అందులో పీల్చిన దుమ్ము మాత్రం జనం ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. అలాంటివాళ్లకి ఇప్పుడు వైద్యం కార్డు ఇస్తామన్నారు. కార్డుంటే పెద్దాసుపత్రిలో మంచం దొరుకుతుంది, ఇంటికి ఆక్సిజన్ మిషను వస్తుంది. లేకపోతే ఎవరి ఊపిరి వాళ్లు లాక్కోవాలి. కార్డు కోసం జనం పెట్టుకున్న కాగితాలన్నీ స్కాను చేసి ఒక డిస్కులో పోశారు. ఒక్కో మనిషి కాగితాలు ఒక్కో కట్ట. ఈ ఆడవాళ్లు కట్ట తెరిచి, పేజీ తర్వాత పేజీ చదివి, గడుల్లో నింపాలి. పేరు, పనిచేసిన విభాగం, ఎక్సరేలో ఏముందో, పక్కన పనిచేసిన మేస్త్రీ ఏమని సాక్ష్యం రాశాడో, అన్నీ.

వదిన భర్త కట్ట కూడా ఆ డిస్కులోనే ఎక్కడో ఉంది. సొంతవాళ్ల కట్ట వెతికినవాళ్లకి ఉద్యోగం ఉండదని మొదటిరోజే చెప్పారు. అందుకని వదిన వెతకలేదు. ఎవరి కట్ట తెరిచినా మాత్రం తన ఇంట్లో మనిషిదే అన్నంత శ్రద్ధగా చదివేది. మేస్త్రీ రాత అర్థం కాకపోతే వెనక్కి మొదటి పేజీకి వెళ్లి, ఆ మనిషి ఏ విభాగంలో చేశాడో చూసి, మళ్లీ ముందుకొచ్చి ఆ గీతల్లోంచి మాట పట్టుకునేది. వెనక్కి వెళ్లిన ప్రతిసారీ మళ్లీ చక్రం. ముందుకొస్తే మళ్లీ చక్రం. అందుకే ఆవిడ లెక్క ఎప్పుడూ వెనకబడేది.

ఆ రోజు సూపర్‌వైజరు కుర్చీల మధ్య నడుస్తూ చేతిలో పెన్నుతో కొన్ని కుర్చీల వీపుల మీద చిన్నగా తట్టాడు. హాలు చివరికి వెళ్లాక తిరిగి నిలబడి, తను తట్టిన కుర్చీలు వారం చివర ఖాళీ కావాలనీ, పేజీల సంఖ్య పెరిగితే అప్పుడు ఆలోచిస్తాననీ చెప్పాడు. డిస్కు నత్తనడక నడుస్తుంటే మేమేం చేస్తామని పెద్దావిడ అడిగింది. డిస్కు అందరికీ ఒకటే కదమ్మా అన్నాడు అతను. పెన్ను తట్టిన కుర్చీల్లో వదినది కూడా ఉంది.

వదిన లేచి గాజు తలుపు దగ్గరికి వెళ్లింది. గాజుకి అవతల చల్లటి గదిలో మిషన్లు చూసేది ఆవిడ మరిది. వదిన అలా పిలవడం విని హాలంతా అతన్ని మరిదిగారనే పిలుస్తుంది. మనవలున్న పెద్దావిడకి కూడా అతను మరిదిగారే. మొదట్లో సిగ్గుపడేవాడు, తర్వాత అలవాటైపోయింది.

"మరిదీ, నీ డబ్బాకి కాస్త బుద్ధి చెప్పవయ్యా," అంది వదిన. "నా కుర్చీ మీద పెన్ను పడింది."

నవ్వుతూనే అంది గానీ తలుపు చట్రం వదల్లేదు. ఆవిడ జీతంతోనే మరిది అన్నకి మందులు. మరిది జీతం అద్దెకి సరిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆవిడ వెళ్లాక మరిది డిస్కు పెట్టె మీద అరచెయ్యి పెట్టి విన్నాడు. పాతకాలపు డిస్కు. లోపల పళ్లెం తిరుగుతుంటుంది, దాని మీద సూదిచెయ్యి అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. ఆ చెయ్యి టకటకమని ఒక్క క్షణం ఆగకుండా కొట్టుకుంటోంది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు వింటూనే ఉన్నాడు. ఇవాళ మొదటిసారి దాని అర్థమేమిటని ఆలోచించాడు. చదవడానికి పట్టే సమయం చిటికెడు. మిగిలిందంతా ఆ చెయ్యి ఈ మూలనుంచి ఆ మూలకి పరిగెత్తడానికే పోతోంది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అన్న కిటికీ పక్కన దిండ్లు ఎత్తుగా పెట్టుకుని ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. మాటకీ మాటకీ మధ్య ఆగి, గాలి తీసుకుని, మళ్లీ మొదలుపెడతాడు. అయినా మాట్లాడకుండా మాత్రం ఉండడు. తమ్ముడు చొక్కా విప్పకముందే డిస్కు గొడవేమిటో చెప్పమన్నాడు.

ఉత్తరాలు పంచేవాడు ఒకడున్నాడనుకో అని చెప్పాడు మరిది. వాడు వీధుల వరసలో వెళ్లకుండా పేర్ల వరసలో వెళ్తే ఎలా ఉంటుంది? ఒక ఉత్తరం ఊరికి ఈ చివర, తర్వాతది ఆ చివర. మన డిస్కు చేసేది అదే. స్కాను చేసేటప్పుడు నాలుగైదు మిషన్లు ఒకేసారి దాంట్లోకి తోశాయి, బాగా రానివి తర్వాత మళ్లీ తోశారు. దాంతో ఒక మనిషి పేజీలు ఒకచోట లేవు. మొదటి పేజీ ఒక మూల, రెండోది ఇంకో మూల. పైగా లక్షల ఫైళ్లు, ఒక్కోటి చిన్న ముక్క.

"అయితే అది కూడా... నాలాగే ఆయాసపడుతోందన్నమాట," అన్నాడు అన్న. నవ్వబోయి దగ్గాడు. వదిన వచ్చి వీపు నిమిరింది. దగ్గు తగ్గాక తన కట్ట ఎవరి చేతికైనా వచ్చిందా అని ఎప్పుడూ అడిగేదే అడిగాడు. ఇంకా తెలియదంది వదిన. ఈ లెక్కన నా కట్ట తెరిచేసరికి నేనుంటానా అని అన్న జోకేశాడు. వదిన జారిన దిండు సర్దింది.

మర్నాడు మరిది పొద్దున్నే వెళ్లి కూర్చున్నాడు. ఫైళ్లని కట్టల వరసలో కాకుండా డిస్కు మీద అవి ఎలా పడి ఉన్నాయో ఆ వరసలో చదివించాలి. ముందు ప్రతి ఫైలూ పళ్లెం మీద ఎక్కడుందో డిస్కునే అడిగి తెలుసుకోవాలి. ఆ చోట్లని బట్టి వరస పేర్చుకోవాలి. అప్పుడు సూదిచెయ్యి ఒక అంచునుంచి రెండో అంచుకి వెనక్కి తిరగకుండా వెళ్లిపోతుంది. చెప్పుకోవడానికి ఇంతే. చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అన్ని ఫైళ్లనీ ఒకే ఫోల్డర్లో కుక్కి పెట్టడం వల్ల ఏవేవి ఉన్నాయో చెప్పడానికే ఆ డిస్కు చాలాసేపు గింజుకుంది.

మధ్యాహ్నం దాటాక నడిపించి చూశాడు. టకటక ఆగిపోయింది. దాని బదులు సన్నగా, ఒకే తీరుగా మోత. డిస్కు పాడైందేమోనని ఒక క్షణం అనుకున్నాడు. తర్వాత తెర చూశాడు. పేజీలు ధారగా వస్తున్నాయి.

ఒక్కటే చిక్కు. అవి డిస్కు వరసలో వస్తున్నాయి కాబట్టి ఒకరి ఎక్సరే తర్వాత ఇంకొకరి మేస్త్రీ సాక్ష్యం, దాని తర్వాత మూడోవాడి మొదటి పేజీ. మనిషి ముక్కలైపోయాడు. దీనికి మందు ఏమిటో మరిదికి అప్పుడే తెలుసు. వచ్చిన పేజీలని వచ్చినట్టు పక్కన ఒకచోట పోగేసి, ఒక కట్టలోవి అన్నీ చేరాకే దాన్ని హాల్లోకి పంపాలి. ఆ సంగతి సూపర్‌వైజరుకి చెప్పి, రెండు రోజులు పట్టొచ్చన్నాడు. స్పీడు కొంచెం తగ్గినా తగ్గొచ్చన్నాడు.

సూపర్‌వైజరు అప్పటికే తెర మీద ధారని చూస్తూ నిలబడ్డాడు. పెన్ను జేబులో పెట్టుకోవడం కూడా మర్చిపోయాడు.

"మనకి లెక్క పేజీల్లో, కట్టల్లో కాదు," అన్నాడు. "పేజీ మీద ఎడమ మూల కట్ట నంబరుంది కదా. తర్వాత కంప్యూటరే కలుపుకుంటుంది. రెండు రోజులు ఎందుకు దండగ? ఇలాగే వదులు. మీ వదినగారి కుర్చీ కూడా నిలబడుతుంది."

మరిది గాజులోంచి హాల్లోకి చూశాడు. వదిన వీపు కనిపిస్తోంది. చక్రం కోసం ఎదురుచూస్తూ మెడ నొక్కుకుంటోంది. రెండు రోజులు పోతే వారంలో మిగిలేది ఒకటో రెండో. మరిది సరే సార్ అన్నాడు. మరీ తప్పని కూడా అనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఆ ధారని ఆపి మళ్లీ విప్పడం అతనికే ఇష్టం లేకపోయింది.

ఆ తర్వాత హాల్లో మాటలు ఆగిపోయాయి. చక్రం తిరిగే సమయంలో పుట్టే మాటలవి, చక్రం లేకపోయేసరికి వాటికి చోటు లేదు. పెద్దావిడ అల్లుడి కథ మధ్యలోనే ఉండిపోయింది. పేజీ వస్తుంది, కింద రెండు బటన్లుంటాయి. ఒకటి 'చదివాను', ఇంకోటి 'చదవలేం'. నొక్కితే తర్వాతి పేజీ అప్పటికే వచ్చి ఉంటుంది. వెనక్కి వెళ్లే బటన్ తీసేశారు. వెళ్లడానికి వెనకాల ఏమీ లేదు, అది వేరే ఎవరిదో పేజీ. చదవలేనివి ఏమవుతాయని ఎవరో అడిగితే, పైవాళ్లు చూసుకుంటారు మీకెందుకన్నాడు సూపర్‌వైజరు. పైన వేరే ఎవరో కూర్చుని మళ్లీ చదువుతారనే అందరూ అనుకున్నారు.

మొదటిరోజు వదిన విసుక్కుంది. ఎవరి ఛాతీయో తెలియకుండా ఎక్సరే రిపోర్టు చదవడమేమిటి, తల లేని మనిషికి చొక్కా కుట్టినట్టుందని గాజు తలుపు దగ్గరికొచ్చి గొణిగింది. రెండోరోజుకి గొణుగుడు తగ్గింది. మూడోరోజుకి ఆవిడ చేతికి ఆ వేగం పట్టుబడింది. కళ్లు పేజీ మీద ఒకసారి పాకుతాయి, మాట తగిలితే టైపు, తగలకపోతే బటన్. ఒకసారి ఒక పేజీ మూల మడతపడి ఉంటే వేలితో తెర మీద గీకిందట, మడత విప్పుదామని. టీ తాగేటప్పుడు తన మీద తనే జోకేసుకుని చెబితే అందరూ నవ్వారు. ఆ పేజీ ఏం చేశావని పెద్దావిడ అడిగింది. ఏం చేస్తాను, చదవలేం అని నొక్కానంది వదిన.

వారం చివర వదిన కుర్చీ నిలబడింది. పెద్దావిడ కుర్చీ ఖాళీ అయింది. ఆవిడ ప్రతి పేజీ దగ్గరా ఆగి, ఇదెవరిదమ్మా, ఇదెవరిదమ్మా అనుకుంటూ ఉండిపోయేది. వెళ్లేటప్పుడు మరిది తల నిమిరి, నీ చలవ వల్ల మీ వదిన గట్టెక్కిందయ్యా అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. లేకపోవడం వల్లే మరిదికి మరీ కష్టమనిపించింది.

అంతకు మించిన కష్టం ఆ తర్వాత కొద్దిరోజులకి అన్న ఫోనుకి వచ్చింది. దరఖాస్తు తిరస్కరించామనీ, పనిచేసిన విభాగానికి ఆధారం లేదనీ, వివరాలకి కౌంటరు దగ్గరికి రమ్మనీ రెండు ముక్కల్లో ఉంది. అన్న దాన్ని చదివి ఫోను దిండు పక్కన బోర్లా పెట్టాడు. ఏదో పొరపాటయ్యుంటుందని వదిన గబగబా చెప్పులేసుకుంది. మరిది వెంట వెళ్లాడు.

కౌంటర్లో గుమాస్తా మర్యాదస్తుడే. నంబరు కొట్టి, చూసి, తెరని వదిన వైపు తిప్పాడు. ఎక్సరే ఉంది, గుర్తింపు కాగితం ఉంది. విభాగానికి ఆధారం మేస్త్రీ సాక్ష్యం ఒక్కటే. అది చదవడానికి వీల్లేదని వచ్చిందన్నాడు.

తెర మీద ఊదారంగు కార్బను రాత. పైన పేరు లేదు. కుడి మూల మడతపడి ఉంది.

వదిన చెయ్యి దానంతటదే లేచి ఆ మడత దగ్గరికి వెళ్లి ఆగింది. మరిది ఆ చేతిని చూశాడు. టీ దగ్గర ఆవిడ నవ్వుతూ చెప్పింది గుర్తొచ్చింది. ఆవిడ మొహం వైపు చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు.

వదిన గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. ఎక్కడా తడుముకోలేదు. ఇతను నా కింద రుబ్బుడు విభాగంలో పదకొండేళ్లు చేశాడు. దుమ్ము ఎక్కువగా ఉండే చోటు. మూతికి కట్టుకోవడానికి కంపెనీ ఏమీ ఇవ్వలేదు. అడిగితే రేపు రేపు అన్నారు. ఇతను మంచి పనివాడు. కింద మేస్త్రీ సంతకం.

"చదవొచ్చు కదండీ," అంది. "అంతా ఉంది కదా ఇక్కడ."

గుమాస్తా తెరని తన వైపు తిప్పుకుని కళ్లు చికిలించి చూశాడు. తల అడ్డంగా ఆడించాడు.

"మీకు ఆ మనిషి తెలుసు కాబట్టి చదువుతున్నారమ్మా," అన్నాడు. "తెలియనివాళ్లకి ఇది గీతలే."

పైవాళ్లు మళ్లీ చదువుతారన్నారు కదా అని అడిగాడు మరిది. పైన ఎవరూ లేరనీ, టైపు చేసే హాలునుంచి వచ్చిందే చివరిమాటనీ గుమాస్తా చెప్పాడు. మేస్త్రీ చేత కొత్తగా సాక్ష్యం రాయించుకొస్తే మళ్లీ పెట్టుకోవచ్చన్నాడు. మేస్త్రీ పోయి రెండేళ్లు. అన్నకి వచ్చిన జబ్బే ఆయనకీ వచ్చింది. తక్కిన పనివాళ్లు ఎక్కడెక్కడికి చెదిరిపోయారో ఎవరికీ తెలియదు.

మరిది అక్కడినుంచి తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాడు. చదవలేం అని నొక్కిన పేజీలన్నీ మళ్లీ కట్టల్లో పెట్టి చూపిస్తాననీ, జీతం కూడా అడగననీ బతిమాలాడు. సూపర్‌వైజరు నిజంగానే బాధపడ్డాడు. కానీ పని అయిపోయిందిగా అన్నాడు. గడువుకన్నా చాలా ముందే అయిపోయింది, అదీ నీ పుణ్యమే. డిస్కులో ఉన్నదంతా నిన్ననే చెరిపి వెనక్కి పంపేశాం, పేజీలిప్పుడు కౌంటరువాళ్ల దగ్గరే, వాళ్లు మళ్లీ ఇవ్వరు. మీ వదినగారికి బెంగ లేదని చెప్పు, అందరికన్నా ఎక్కువ పేజీలు ఆవిడవే, తర్వాతి పనికి మొదటి కుర్చీ ఆవిడదే.

ఇంట్లో అన్న విషయం అంతా కళ్లు మూసుకుని విన్నాడు. వినడానికి కూడా ఊపిరి కావాలన్నట్టు మధ్యమధ్య చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఎవరో గానీ... గుడ్డిపిల్లలా ఉంది," అన్నాడు చివరికి. "అంత పెద్ద అక్షరాలు..."

వదిన మంచం అంచున కూర్చుని ఉంది. మందు సీసా మూత బిగిస్తోంది, అది అప్పటికే బిగిసిపోయినా.

"నేనేనండీ," అంది. "నా దగ్గరికే వచ్చింది. నేనే నొక్కాను."

అన్న కళ్లు తెరిచాడు. ఆవిడ వైపు చూశాడు. కోపం వస్తుందేమోనని మరిది ఎదురుచూశాడు. వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. అన్న చెయ్యి చాచి ఆవిడ చేతిలోంచి సీసా తీసి పక్కన పెట్టాడు.

"మేస్త్రీ రాత... అలాంటిదేలే," అన్నాడు. "నా పేరు రాస్తే... నాకే అర్థమయ్యేది కాదు."

వదిన అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ. మరిది కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ పేజీ ఒంటరిగా నీ దగ్గరికి రావడానికి కారణం నేనని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. రెండు రోజులు కావాలని గట్టిగా పట్టుబడితే ఆ సూపర్‌వైజరు ఒప్పుకునేవాడేమో. లేదా స్పీడు బాగా తగ్గిపోయి వదిన ఉద్యోగం ఊడేదేమో. ఆ రెండోదాన్ని గట్టిగా పట్టుకుని అతను నోరు మూసుకున్నాడు.

వారం తిరక్కముందే కొత్త డిస్కు వచ్చింది. ఇంకెక్కడో ఊళ్లో కుళాయి కనెక్షన్ల కాగితాలు. ఈసారి కట్టలు విడగొట్టకూడదని ఆ ఆఫీసువాళ్లు ముందే చెప్పారట. రెండు రోజులన్నావుగా, తీసుకో, తొందరేం లేదని సూపర్‌వైజరు తేలిగ్గా అనేసి వెళ్లాడు.

మరిది పొద్దున్న కూర్చున్నాడు. డిస్కు వరసలో చదివించడం, వచ్చిన పేజీలని పక్కన పోగేయడం, కట్ట నిండగానే బయటికి పంపడం. అనుకున్నంత చిక్కు ఎక్కడా తగల్లేదు. మధ్యాహ్నం టీ రాకముందే కట్టలు కట్టలుగా హాల్లోకి వెళ్లిపోతున్నాయి. స్పీడు ఎంత తగ్గిందో చూశాడు. తగ్గలేదు. మళ్లీ చూశాడు. తగ్గి ఉండాలని మనసులో కోరుకుంటూ మూడోసారి చూశాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ సన్నటి మోత వింటూ కూర్చున్నాడు.

గాజు తలుపు తెరుచుకుంది. వదిన లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడింది. ఈ కొద్దిరోజుల్లోనే ఆవిడ బుగ్గలు లోపలికి పోయాయి. అన్న ఇప్పుడు రాత్రీ పగలూ కూర్చునే ఉంటున్నాడు, ఆవిడ పక్కన కూర్చుని వీపు పట్టుకుంటోంది.

"పేజీలు కలిసే వస్తున్నాయి," అంది. "వెనక్కి కూడా వెళ్తోంది."

"ఆఁ, వదినా."

"ఇది చెయ్యడానికి ఎంతసేపు పట్టింది నీకు?"

రెండు రోజులని చెప్పొచ్చు. ఆవిడ నమ్ముతుంది. అతను నేల వైపు చూశాడు.

"ఒక్క పూట," అన్నాడు.

"అంతేనా," అంది వదిన.

ఇంకాసేపు నిలబడుతుందనుకున్నాడు. నిలబడలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, వెళ్లి కుర్చీలో కూర్చుంది. గాజులోంచి ఆవిడ తెర కనిపిస్తోంది. ఎవరిదో కట్ట, మధ్యలో ఒక పేజీ బాగా మాసిపోయి ఉంది. ఆవిడ వెనక్కి మొదటి పేజీకి వెళ్లి ఆ మనిషి పేరు చూసింది, మళ్లీ ముందుకొచ్చింది, మళ్లీ వెనక్కి వెళ్లింది. ఎవరిదో కుళాయి కాగితం అది. వదిన దాన్ని ఒక్క అక్షరం పోకుండా చదివింది.